ఎస్‌క్యూఎల్‌ప్లస్‌లో షేర్డ్ లైబ్రరీ ఎర్రర్: ఉబుంటు మళ్లీ వేయక్కర్లేదు, ముందు ఇది చూడు

నీ ప్రశ్న పూర్తిగా చదివాను తమ్ముడూ. కొత్తగా వచ్చి చదివేవాళ్లకి సంగతి తెలియాలి కాబట్టి క్లుప్తంగా చెప్పేస్తాను. గుంటూరులో బీటెక్ చదువుతున్న ఈ అబ్బాయి డీబీఎంఎస్ ల్యాబ్ కోసం ఉబుంటు 24.04 ల్యాప్‌టాప్‌లో ఒరాకిల్ ఇన్‌స్టంట్ క్లయింట్ (ఒరాకిల్ డేటాబేస్‌కి కనెక్ట్ అవడానికి కావాల్సిన ఫైళ్లు, ఎస్‌క్యూఎల్ కమాండ్లు కొట్టే ఎస్‌క్యూఎల్‌ప్లస్ ప్రోగ్రామ్) జిప్ ఫైళ్లు విప్పాడు. ఎస్‌క్యూఎల్‌ప్లస్ నడపగానే "ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్" అంటూ లిబ్‌ఎస్‌క్యూఎల్‌ప్లస్.ఎస్ఓ దొరకలేదంది (.ఎస్ఓ అని ఉండేవి షేర్డ్ లైబ్రరీలు, అంటే చాలా ప్రోగ్రామ్‌లు పంచుకునే కోడ్ ఫైళ్లు). ఎవరో చెబితే ఆ ఫైల్‌ని /యూఎస్ఆర్/లిబ్ లోకి కాపీ చేశాడు. అది పోయి లిబ్‌సీఎల్ఎన్‌టీఎస్‌హెచ్ అంది, దాన్నీ కాపీ చేశాడు, ఇప్పుడు లిబ్‌ఏఐఓ.ఎస్ఓ.1 లేదంటోంది. ఏప్ట్‌తో (ఉబుంటులో ప్యాకేజీలు వేసే కమాండ్) లిబ్‌ఏఐఓ1 వేయబోతే ఇప్పటికే ఉందంటుంది, ఎర్రర్ మాత్రం కదలదు. ఇది చాలదన్నట్టు సీనియర్ ఇచ్చిన పాత టూల్ ఒకటి లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1 (ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ పాత వెర్షన్) కావాలంటోంది. దానికి సాఫ్ట్ లింక్ (ఉన్న ఫైల్‌కి ఇంకో పేరుతో దారి చూపేది) కొట్టేయమని ఒకరు, ఉబుంటు మొత్తం తీసేసి మళ్లీ వేయమని ఇంకొకరు సలహా ఇచ్చారు.

మళ్లీ వేయకు. వేసినా సరిగ్గా ఇవే ఎర్రర్లు ఇదే వరసలో వస్తాయి, ఎందుకంటే నీ సిస్టమ్‌లో పాడైంది ఏమీ లేదు. నీకు వచ్చిన మూడూ చూడ్డానికి ఒకే ఎర్రర్‌లా ఉన్నాయి, కానీ మూడింటికీ కారణాలు వేరు. మొదటిదాంట్లో (లిబ్‌ఎస్‌క్యూఎల్‌ప్లస్, లిబ్‌సీఎల్ఎన్‌టీఎస్‌హెచ్ రెండూ ఇదే రకం) ఫైల్ ఉంది కానీ వెతికే చోట లేదు. రెండోదాంట్లో, అంటే లిబ్‌ఏఐఓలో, ఫైల్ ఉంది, సరైన చోటే ఉంది, పేరు మారింది. మూడోది, అంటే 1.1 ది, నిజంగానే లేదు, ఉబుంటు వాళ్లు తీసేశారు. ఏది ఏ రకమో తేల్చుకోకుండా కాపీలు, లింకులు కొట్టడం వల్లే ఇంత టెన్షన్.

కమాండ్లన్నీ ఇక్కడ పలికినట్టు తెలుగులోనే రాస్తున్నాను, టెర్మినల్‌లో ఎలా కొట్టాలో నీకు తెలుసు.

ముందు ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు ఏం జరుగుతుందో ఒకసారి చూద్దాం, ఇది పట్టుకుంటే మిగతాదంతా నువ్వే చేసుకోగలవు. నువ్వు ఎస్‌క్యూఎల్‌ప్లస్ అని కొట్టగానే కెర్నల్ ఆ ఫైల్ తెరిచి, అందులో రాసి ఉన్న లోడర్‌ని పిలుస్తుంది. మామూలు 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో ఆ లోడర్ /లిబ్64 ఫోల్డర్‌లో ఉండే ఎల్‌డీ-లైనక్స్ అనే ఫైల్. ప్రోగ్రామ్‌కి ఏయే లైబ్రరీలు కావాలో ప్రోగ్రామ్ లోపలే "నీడెడ్" అన్న పేరుతో ఒక జాబితా ఉంటుంది. అందులో ఉండేవి పేర్లు మాత్రమే, ఫోల్డర్ దారి సాధారణంగా ఉండదు. లోడర్ ఆ పేర్లు పట్టుకుని ఒక వరసలో వెతుకుతుంది: ప్రోగ్రామ్ లోపల ఆర్‌పాత్ అని ఫోల్డర్ దారి రాసి ఉంటే అక్కడ (అలాంటిదే రన్‌పాత్ కూడా ఉంటే ఆర్‌పాత్‌ని పట్టించుకోదు), తర్వాత ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ వేరియబుల్‌లో ఉన్న ఫోల్డర్లు, తర్వాత రన్‌పాత్, ఆ తర్వాత /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.క్యాష్ అనే పట్టిక, చివరికి /లిబ్, /యూఎస్ఆర్/లిబ్ లాంటి డిఫాల్ట్ ఫోల్డర్లు. ఉబుంటులో ఆ డిఫాల్ట్‌లో ఎక్స్86_64-లైనక్స్-జీఎన్‌యూ అనే ఫోల్డర్ కూడా ఉంటుంది, అసలు లైబ్రరీలన్నీ ఉండేది అందులోనే.

ఈ వరసలో లేనిదేంటో చూశావా? ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ లేదు, నువ్వు నిలబడి ఉన్న ఫోల్డర్ కూడా లేదు. విండోస్‌లో డీఎల్ఎల్‌ని ఈఎక్స్ఈ పక్కన పడేస్తే నడిచిపోతుంది, అక్కడి నుంచి వచ్చినవాళ్లందరూ ముందు ఇక్కడే బోల్తా పడతారు. లిబ్‌ఎస్‌క్యూఎల్‌ప్లస్.ఎస్ఓ నీ ఎస్‌క్యూఎల్‌ప్లస్ పక్కనే, అదే ఫోల్డర్‌లో ఉంది, అయినా లోడర్ అటువైపు చూడను కూడా చూడదు.

ఇప్పుడు ఎల్‌డీడీ కొట్టు, పక్కన ప్రోగ్రామ్ పూర్తి దారి ఇవ్వు. ఒక్కో లైబ్రరీ పేరు, బాణం గుర్తు, అది దొరికిన చోటు కనిపిస్తాయి. దొరకనిదాని ఎదురుగా "నాట్ ఫౌండ్" అని ఉంటుంది. లైనక్స్-వీడీఎస్ఓ అనేదానికి ఏ ఫైలూ చూపించదు, దాని గురించి కంగారు పడకు, అది కెర్నల్ ఇచ్చేది, డిస్క్ మీద ఉండదు. ఇంకో సంగతి, లేని లైబ్రరీ లోపలికి ఎల్‌డీడీ వెళ్లి చూడలేదు కదా, కాబట్టి ఒకటి సరిచేశాక దాని వెనక దాక్కున్న ఇంకొకటి బయటపడుతుంది. నీకు ఒకదాని తర్వాత ఒకటి రావడానికి కారణం అదే, నువ్వేదో చెడగొట్టావని కాదు. అయితే ఎవరో ఇచ్చిన, నమ్మకం లేని ఫైళ్ల మీద ఎల్‌డీడీ వాడకు, కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామ్‌ని నిజంగానే నడిపిస్తుంది. అలాంటివాటికి రీడ్‌ఈఎల్ఎఫ్ మైనస్ డీ కొడితే నడపకుండానే నీడెడ్ జాబితా చూపిస్తుంది. సీనియర్ ఇచ్చిన టూల్‌కి ఇదే వాడు.

ఎల్‌డీడీ అంతా బాగానే ఉందంటున్నా ప్రోగ్రామ్ మధ్యలో లైబ్రరీ లేదని ఆగిపోతే, అది ప్లగిన్‌లా నడుస్తుండగా తెరిచే లైబ్రరీ అయి ఉంటుంది, అవి ఎల్‌డీడీలో కనిపించవు. అప్పుడు ఎల్‌డీ_డీబగ్=లిబ్స్ అని ముందు పెట్టి ప్రోగ్రామ్ నడుపు. లోడర్ ఏ పేరు కోసం ఏ ఫోల్డర్‌లో వెతికిందో మొత్తం వరసగా చెప్పేస్తుంది. చాలామంది ఎస్‌ట్రేస్ అనే టూల్ దగ్గరికి పరిగెడతారు కానీ ఈ పనికి ఇదే సులువు, ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు కూడా.

సరే, నీ మొదటి ఎర్రర్. ఫైల్ ఉంది, చోటు చెప్పాలి, అంతే. దీనికి రెండు దారులున్నాయి. ఒరాకిల్ వాళ్లు జిప్ వాడేవాళ్లకి చెప్పేది ఏంటంటే /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో .కాన్ఫ్ అని ముగిసే పేరుతో ఒక చిన్న ఫైల్ పెట్టి, అందులో క్లయింట్ ఫోల్డర్ దారి ఒక్క లైన్ రాసి, సూడో ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టమని. ఎల్‌డీకాన్ఫిగ్ ఆ ఫోల్డర్ చదివి, ఇందాక చెప్పిన క్యాష్ పట్టికలోకి పేర్లు ఎక్కిస్తుంది. తర్వాత ఎల్‌డీకాన్ఫిగ్ మైనస్ పీ కొట్టి గ్రెప్ చేస్తే ఎక్కాయో లేదో తెలిసిపోతుంది. సర్వర్ మీద, నలుగురూ వాడే మెషీన్ మీద ఇదే మంచిది.

రెండోది ఎల్‌డీ_లైబ్రరీ_పాత్. నెట్‌లో ఎక్కడ వెతికినా దీన్ని బాష్‌ఆర్‌సీలో (టెర్మినల్ తెరిచిన ప్రతిసారీ షెల్ చదివే ఫైల్) పెట్టమంటారు, నేను మాత్రం వద్దంటాను. బాష్‌ఆర్‌సీలో పెడితే నువ్వు టెర్మినల్ నుంచి నడిపే ప్రతి ప్రోగ్రామ్‌కీ ఆ ఫోల్డర్ ముందు వరసలోకి వచ్చేస్తుంది. ఆ ఫోల్డర్‌లో సిస్టమ్ లైబ్రరీ పేరుతోనే ఇంకో వెర్షన్ ఉంటే, ఆరు నెలల తర్వాత సంబంధం లేని వేరే ప్రోగ్రామ్ ఆగిపోతుంది, అప్పటికి ఈ లైన్ సంగతి నీకు గుర్తుండదు. పైగా సూడోతో నడిపితే ఈ వేరియబుల్ లోపలికి వెళ్లదు, క్రాన్ (చెప్పిన టైముకి పనులు దానంతటదే నడిపేది) అసలు బాష్‌ఆర్‌సీ చదవదు. గుంటూరు మిర్చి యార్డు వైపు ఒక కోల్డ్ స్టోరేజీకి నేను సర్వర్ చూస్తుంటాను. అక్కడ అంతకుముందు చూసినాయన ఇలాగే పెట్టి వెళ్లాడు. చేత్తో నడిపితే స్టాక్ రిపోర్టు చక్కగా వస్తుంది, రాత్రి క్రాన్‌లో మాత్రం ఖాళీ ఫైల్. సీజన్‌లో బస్తాల లెక్క పొద్దున్నే గుమస్తా చేతికి అందకపోతే ఆ ఫోన్లు ఎలా ఉంటాయో నీకు చెప్పక్కర్లేదు, మీ ఊరేగా. క్రాన్ లాగ్‌లో ఎగ్జిట్ కోడ్ 127 కనిపించింది. 127 అనగానే అందరూ కమాండ్ దొరకలేదనే అనుకుంటారు, కానీ లైబ్రరీ దొరక్క లోడర్ చేతులెత్తేసినా వచ్చేది అదే 127, ఇది గుర్తుపెట్టుకో.

ఇంకో చిన్న ప్రమాదం కూడా ఉంది. కొత్త ఫోల్డర్ రాసి, కోలన్ పెట్టి, పాత విలువ తగిలించమని చెప్పే లైన్ ఉంటుంది చూడు, పాత విలువ ఖాళీగా ఉంటే చివర ఒట్టి కోలన్ మిగులుతుంది. లోడర్ దాన్ని "ప్రస్తుతం ఉన్న ఫోల్డర్" అని అర్థం చేసుకుంటుంది. అంటే డౌన్‌లోడ్స్‌లో నిలబడి ఏదైనా నడిపితే అక్కడ పడి ఉన్న ఎస్ఓ ఫైల్ కూడా లోడ్ అయిపోవచ్చు.

నీ ఒక్కడి ల్యాప్‌టాప్, ఒక్క ప్రోగ్రామ్ కాబట్టి ర్యాపర్ స్క్రిప్ట్ (అసలు ప్రోగ్రామ్‌ని పిలిచే చిన్న స్క్రిప్ట్) రాసుకో. మూడు లైన్లు: మొదటిది స్క్రిప్ట్‌ని ఏ షెల్ నడపాలో చెప్పే మామూలు లైన్, రెండోది ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌కి క్లయింట్ ఫోల్డర్ ఇచ్చి ఎక్స్‌పోర్ట్ చేయడం, మూడోది ఎగ్జెక్ అని రాసి అసలు ఎస్‌క్యూఎల్‌ప్లస్ పూర్తి దారి, దాని తర్వాత కోట్స్‌లో డాలర్ ఎట్. దాన్ని నీ హోమ్‌లో బిన్ ఫోల్డర్‌లో పెట్టి సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్ చేయి. బిన్ ఫోల్డర్ ఇప్పుడే కొత్తగా చేస్తుంటే ఒకసారి లాగౌట్ అయి రా, అప్పుడే అది పాత్‌లోకి వస్తుంది. వేరియబుల్ ఆ ఒక్క ప్రోగ్రామ్‌తోనే పుట్టి దానితోనే పోతుంది, క్రాన్‌లో కూడా ఈ స్క్రిప్ట్ పూర్తి దారి ఇస్తే చాలు.

ఇక లిబ్‌ఏఐఓ. చాలామంది పూర్తిగా తికమకపడేది ఇక్కడే, నీ తప్పేం లేదు. 32 బిట్ మెషీన్లలో కాలాన్ని సెకన్లలో లెక్కపెట్టే సంఖ్య 2038 జనవరి 19న నిండిపోతుంది. దాన్ని తప్పించడానికి డెబియన్, ఉబుంటు వాళ్లు ఆ సంఖ్యని 64 బిట్లకి పెంచుతూ, ఆ మార్పు తగిలే లైబ్రరీ ప్యాకేజీల పేర్ల చివర టీ64 అని తగిలించారు. ఉబుంటులో అది 24.04తో వచ్చింది. ఎక్కువ ప్యాకేజీలకి పేరే మారింది, లోపలి ఫైల్ పేరు అలాగే ఉంది. ఉదాహరణకి లిబ్‌ఎస్ఎస్ఎల్3టీ64 వేసినా వచ్చే ఫైల్ లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.3 మాత్రమే. లిబ్‌ఏఐఓకి మాత్రం ఫైల్ పేరు కూడా మారి లిబ్‌ఏఐఓ.ఎస్ఓ.1టీ64 అయింది. నువ్వు లిబ్‌ఏఐఓ1 అడిగితే ఏప్ట్ దాని బదులు లిబ్‌ఏఐఓ1టీ64 తీసుకుంటున్నానని ఒక లైన్ చెప్పి ఉంటుంది, నువ్వు చూసి ఉండవు, ఆ లైన్ ఎవరూ చూడరు. ఒరాకిల్ క్లయింట్ మాత్రం తన జాబితాలో పాత పేరే రాసుకుని కూర్చుంది. అందుకే ప్యాకేజీ ఉంది, లైబ్రరీ లేదు.

ఇక్కడ సాఫ్ట్ లింక్ కొట్టొచ్చు. ఎందుకు కొట్టొచ్చో కూడా తెలుసుకో, లేకపోతే ప్రతిచోటా కొట్టేస్తావు. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో కాలం సంఖ్య మొదటి నుంచీ 64 బిట్లే, కాబట్టి నీ ల్యాప్‌టాప్‌లో ఈ లైబ్రరీకి జరిగింది పేరు మార్పే, లోపలి సరుకు అదే. క్లయింట్ ఫోల్డర్‌లోనే లిబ్‌ఏఐఓ.ఎస్ఓ.1 అనే పేరుతో, ఎక్స్86_64-లైనక్స్-జీఎన్‌యూలో ఉన్న లిబ్‌ఏఐఓ.ఎస్ఓ.1టీ64కి ఎల్ఎన్ మైనస్ ఎస్ కొట్టు. ర్యాపర్ ఆ ఫోల్డర్‌నే చూపిస్తోంది కాబట్టి పని అయిపోతుంది, సిస్టమ్ ఫోల్డర్‌లో వేలు పెట్టనక్కర్లేదు. కాన్ఫ్ ఫైల్ దారిలో వెళ్లేవాళ్లకి మాత్రం ఇలా చాలకపోవచ్చు. ఎల్‌డీకాన్ఫిగ్ నువ్వు పెట్టిన ఫైల్ పేరు చూసి కాదు, లైబ్రరీ లోపల రాసి ఉన్న సోనేమ్ చూసి పట్టికలో రాస్తుంది, ఆ సోనేమ్‌లో టీ64 ఉంది. వాళ్లు ఆ లింక్‌ని ఎక్స్86_64-లైనక్స్-జీఎన్‌యూ ఫోల్డర్‌లోనే పెట్టుకోవాలి, డిఫాల్ట్ ఫోల్డర్ కాబట్టి లోడర్ అక్కడ పేరుతో నేరుగా వెతుకుతుంది.

లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1కి ఇదే పని చేస్తే? చేయకు. లైబ్రరీ పేరు చివర ఉండే అంకె ఊరికే పెట్టింది కాదు, పాత ప్రోగ్రామ్ దీనితో నడవదు అనిపించినప్పుడే ఆ అంకె మారుస్తారు. లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.3కి 1.1 అని లింక్ పెట్టడం అంటే ఆటోనగర్‌లో కొత్త మోడల్ గేర్‌బాక్స్‌కి పాత లారీ పార్ట్ నంబర్ స్టిక్కర్ అంటించి బిగించమనడం. లోడర్‌కి ఫైల్ దొరుకుతుంది, వెంటనే లోపల ఓపెన్ఎస్ఎస్ఎల్_1_1_0 వెర్షన్ లేదని ఇంకో ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. అలా ఆగడం అదృష్టం అనుకో. ఇలాంటి వెర్షన్ గుర్తులు లేని లైబ్రరీలైతే ఆగకుండా నడిచి, మధ్యలో క్రాష్ అవుతాయి, లేదా తప్పు ఫలితాలిస్తాయి.

ఉబుంటు 22.04 నుంచి ఓపెన్ఎస్ఎస్ఎల్ 3 మాత్రమే వస్తోంది. 1.1.1కి ఓపెన్ఎస్ఎస్ఎల్ వాళ్లు 2023 సెప్టెంబర్ 11తో అప్‌డేట్లు ఆపేశారు. కాబట్టి ముందు ఆ టూల్‌కి కొత్త బిల్డ్ ఉందేమో మీ సీనియర్‌ని అడుగు, సోర్స్ ఉంటే నీ మెషీన్ మీదే కంపైల్ చేసుకో, సగం కేసులు అక్కడే తీరిపోతాయి. రెండూ లేకపోతే డాకర్‌లో (వేరే సిస్టమ్‌ని కంటైనర్ అనే పెట్టెలో విడిగా నడిపే టూల్) ఉబుంటు 20.04 ఇమేజ్ తీసుకుని, టూల్‌ని అందులో నడుపు. అందులో లిబ్‌ఎస్ఎస్ఎల్1.1 ప్యాకేజీ అధికారికంగానే దొరుకుతుంది. పాత ఉబుంటు డెబ్ ఫైల్ తెచ్చి 24.04 మీద వేసేయమని చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, అది నడుస్తుంది కూడా, కాకపోతే అప్‌డేట్లు రాని క్రిప్టో లైబ్రరీ నీ సిస్టమ్‌లో శాశ్వతంగా కూర్చుంటుంది. కాలేజీ వైఫైలో ఉండే ల్యాప్‌టాప్‌కి నేనైతే వేయను. ఇక ఊరూపేరూ లేని సైట్లలో ఒంటరిగా దొరికే ఎస్ఓ ఫైళ్ల జోలికి అసలు పోకు, నీ ప్రోగ్రామ్ లోపల ఎవరి కోడ్ నడుస్తోందో నీకు తెలియదు.

వేరే లైబ్రరీలకి, ఏ ప్యాకేజీలో ఉందో తెలియకపోతే ఏప్ట్-ఫైల్ అనే టూల్ వేసుకో. ఒకసారి ఏప్ట్-ఫైల్ అప్‌డేట్ చేసి, ఏప్ట్-ఫైల్ సెర్చ్ అని ఎర్రర్‌లో ఉన్న పేరు అలాగే ఇవ్వు. ఫెడోరా వాళ్లకి డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్ ఉంది. సోర్స్ నుంచి మేక్ ఇన్‌స్టాల్ చేశాక వచ్చే ఎర్రర్ అయితే, ఉబుంటులో ఎక్కువసార్లు ఒట్టి సూడో ఎల్‌డీకాన్ఫిగ్ కొడితే సరిపోతుంది, ఎందుకంటే /యూఎస్ఆర్/లోకల్/లిబ్ ముందే జాబితాలో ఉంటుంది, పట్టిక తాజాగా లేదంతే. ఫైల్ కళ్ల ముందే ఉన్నా "నో సచ్ ఫైల్" అని షెల్ అంటుంటే లైబ్రరీ సంగతి కాదు, లోడరే లేదు. ఫైల్ అనే కమాండ్ కొడితే అది 32 బిట్‌దో, మసల్ అనే వేరే సీ లైబ్రరీ వాడే ఆల్పైన్ లాంటి సిస్టమ్ కోసం కట్టిందో చెప్పేస్తుంది.

ఒక్క ఎర్రర్ దగ్గర మాత్రం చేతులు కట్టుకుని కూర్చో. జీలిబ్‌సీ_2.38 నాట్ ఫౌండ్ లాంటిది (జీలిబ్‌సీ అంటే దాదాపు ప్రతి ప్రోగ్రామూ వాడే సీ లైబ్రరీ, దాని ఫైలే లిబ్‌సీ.ఎస్ఓ.6) వచ్చిందంటే ఆ ప్రోగ్రామ్‌ని నీకంటే కొత్త సిస్టమ్ మీద కట్టారని అర్థం. 20.04లో ఉండేది 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39. లిబ్‌సీ.ఎస్ఓ.6ని ఎక్కడి నుంచో తెచ్చి సిస్టమ్‌లో మార్చేయాలని చూడకు. విజయవాడ గవర్నర్‌పేటలో ఒక ఆఫీసులో కుర్రాడు టెస్ట్ సర్వర్ మీద అదే చేశాడు. ఆ మరుక్షణం ఎల్ఎస్ లేదు, సీపీ లేదు, సూడో లేదు, పాత ఫైల్ వెనక్కి పెట్టడానికి కూడా ఒక్క కమాండ్ మిగల్లేదు. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి సరిచేయాల్సి వచ్చింది. కొత్త డిస్ట్రో, లేకపోతే కంటైనర్, లేకపోతే పాత బిల్డ్, ఈ మూడే దారులు.

చివరగా, నువ్వు /యూఎస్ఆర్/లిబ్ లోకి కాపీ చేసినవి తీసేయాలి, లేకపోతే రేపు క్లయింట్ కొత్త వెర్షన్ వేసినప్పుడు ఏదో ఒక ప్రోగ్రామ్ ఈ పాతవాటినే పట్టుకుంటుంది. తీసేముందు ఒక్కోదానికీ డీపీకేజీ మైనస్ పెద్ద ఎస్ కొట్టి ఫైల్ పేరు ఇవ్వు. ఏ ప్యాకేజీ పేరూ రాకపోతే అది నువ్వు పెట్టిందే, తీసేయొచ్చు. ప్యాకేజీ పేరు వస్తే ముట్టుకోకు. అన్నీ అయ్యాక సూడో ఎల్‌డీకాన్ఫిగ్ ఒకసారి.

ఇవన్నీ చేశాక కూడా ఎస్‌క్యూఎల్‌ప్లస్ తెరుచుకోకపోతే ఎల్‌డీడీ ఇచ్చింది మొత్తం, ర్యాపర్ స్క్రిప్ట్‌లోని మూడు లైన్లు, క్లయింట్ ఫోల్డర్‌లో ఎల్ఎస్ మైనస్ ఎల్ ఇచ్చింది, ఈ మూడూ ఇక్కడ పెట్టు. స్క్రీన్‌షాట్లు వద్దు తమ్ముడూ, టెక్స్ట్‌గా పెట్టు, ఫోన్‌లో జూమ్ చేసి చదవలేక చస్తున్నాం. బేసిక్ జిప్, ఎస్‌క్యూఎల్‌ప్లస్ జిప్ రెండూ ఒకే వెర్షన్‌వేనా, ఒకే ఫోల్డర్‌లో విప్పావా అన్నది కూడా రాయి.